ఎనిమిది రాత్రులకు ఆరు ఊళ్ళు

ప్రశ్న: మాది విజయవాడ. దసరా సెలవుల్లో నేను, మా వారు, ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి, డెబ్బై ఒక్క ఏళ్ళ మా అత్తగారు కలిసి జపాన్ వెళ్ళాలని చాలాకాలంగా డబ్బు దాచుకుంటున్నాం. శనివారం సాయంత్రం టోక్యోలో దిగితే ఆ పై వారం ఆదివారం తిరుగు ప్రయాణం. మధ్యలో ఉండేవి ఎనిమిది రాత్రులు. మా వారు టోక్యో, హకోనే, క్యోటో, నారా, హిరోషిమా, ఒసాకా అన్నీ చూసి, విమానం కోసం మళ్ళీ టోక్యో చేరేలా పథకం వేశారు. ‘రైలు పాస్ కొంటే ఎన్ని ఊళ్ళైనా తిరగొచ్చు, ఇంత దూరం మళ్ళీ వెళ్తామా’ అంటారు. రెండు ఊళ్ళు చాలు, అత్తయ్యగారి మోకాళ్ళు ఇంత తిరుగుడుకు ఓర్చుకోలేవని నేనన్నాను. ‘మా అమ్మను అడ్డం పెట్టుకుని మాట్లాడకు’ అన్నారు. ఆ మాట చెవిన పడి అత్తయ్యగారు తాను రానే రానని కూర్చున్నారు. ఆమెది అమరావతి దగ్గరి ఊరు, నారాలోని పెద్ద బుద్ధుణ్ణి చూడాలని ఎంతో ఆశపడ్డారు. అమ్మాయికి టోక్యో తప్ప మరేదీ అక్కర్లేదు. మా వారి పట్టంతా హిరోషిమా మీద. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసిన మా మామగారు ఆ ఊరు ఒక్కసారి చూడాలని అనేవారట. టికెట్లు ఇంకా కొనలేదు. ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ప్రయాణం లెక్క ఒకటి, మనసుల్లో ఉన్న బాధ ఒకటి కలిసిపోయి ఉన్నాయి. లెక్క తేలికగానే తేలుతుంది. అయితే రెండోదాన్ని ముందు పట్టించుకోకపోతే, ఎంత చక్కని లెక్క వేసి చూపినా మీ వారికి అది తనను ఓడించడానికి తెచ్చిన కాగితంలాగే కనిపిస్తుంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీ ఇంట్లో ముగ్గురి కోరికలు మీరు ఎంతో శ్రద్ధగా రాశారు. మీ వారికి హిరోషిమా, అమ్మాయికి టోక్యో, అత్తగారికి నారా బుద్ధుడు. మీకేం కావాలో మాత్రం ఎక్కడా లేదు. మీరు అడిగింది ‘రెండు ఊళ్ళు చాలు’ అన్న ఒక్క మాట, దానికి చూపిన కారణం అత్తగారి మోకాళ్ళు. ఆ కారణం నిజమైనదే. కానీ అయిదుసార్లు హోటల్ మారే ప్రయాణంలో నలుగురి బట్టలు సర్దేదీ, ఎవరి మందులు ఏ సంచిలో ఉన్నాయో గుర్తుపెట్టుకునేదీ, శాకాహారం ఎక్కడ దొరుకుతుందో వెతికేదీ, తెల్లవారకముందే అందరినీ లేపేదీ ఎవరో మీకు తెలుసు. ఊళ్ళు పెరిగినకొద్దీ మీ సెలవు తగ్గుతుంది. ఆ మాట మీ నోటితో మీ గురించిగానే చెప్పకుండా అత్తగారి పేరు మీదుగా చెప్పడం వల్ల మీ వారికి అది సాకుగా వినిపించింది, ఆమెకు తాను భారమన్నట్టుగా వినిపించింది. మీరిద్దరిలో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదని నాకు స్పష్టంగా అనిపిస్తోంది. కాబట్టి మీ వారితో ఒంటరిగా కూర్చుని, ‘అత్తయ్యగారి సంగతి పక్కన పెట్టండి, ఇన్నిసార్లు పెట్టెలు సర్ది విప్పే ఓపిక నాకే లేదు, నాకూ సెలవు కావాలి’ అని నేరుగా చెప్పండి. ఇలా అడగడంలో స్వార్థమేమీ లేదు. ఇన్నేళ్ళ సంసారంలో ఆ మాట అడిగే హక్కు మీకుంది.

ఆయన వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. ఆరు ఊళ్ళ జాబితాలో ఆయనకు నిజంగా కావలసింది ఒక్కటే అయివుండవచ్చు. తండ్రి చూడాలనుకుని చూడలేకపోయిన ఊరిని కొడుకుగా తాను చూడాలన్న కోరిక అది. మిగతావి ‘ఇంత దూరం వెళ్ళి వదిలేస్తామా’ అన్న బెంగతో చేరినవి. రెండు ఊళ్ళు చాలని మీరన్నప్పుడు ముందుగా తెగిపోయేది హిరోషిమాయేనని ఆయనకు తోచి ఉంటుంది, ఎందుకంటే అన్నింటికంటే దూరంగా ఉన్నది అదే. అందుకని మీ సంభాషణలో మొదటి వాక్యం ‘హిరోషిమా తప్పకుండా వెళ్తున్నాం’ అన్నదే కావాలి. ఆ మాట విన్నాక ఆయన హకోనే గురించి ఎంతవరకు పట్టుబడతారో చూడండి.

ఇక లెక్కకు వద్దాం. విదేశీ ప్రయాణంలో ఊళ్ళను కాక రాత్రులనూ, హోటల్ మారే సార్లనూ లెక్కించాలన్నది నా గట్టి అభిప్రాయం. జపాన్ హోటళ్ళలో సాధారణంగా ఉదయం పది, పదకొండు గంటలకు గది ఖాళీ చేయాలి, కొత్త గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. రైలు ప్రయాణం రెండు గంటలే అయినా సర్దడం, స్టేషన్‌కు చేరడం, కొత్త ఊళ్ళో దారి వెతుక్కోవడం, సామాను దింపుకోవడం కలిపి మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. మీకు ఆదివారం నుంచి శనివారం వరకు ఉన్న నిండు రోజులు ఏడు. మీ వారి పథకంలో టోక్యో నుంచి హకోనే, అక్కడి నుంచి క్యోటో, హిరోషిమా, ఒసాకా, తిరిగి టోక్యో అని అయిదు మార్పులున్నాయి. అంటే ఏడు రోజుల్లో రెండున్నర రోజులు పెట్టెలకే పోతాయి. పైగా అక్టోబరు మధ్యలో అక్కడ సాయంత్రం అయిదుంబావు, అయిదున్నరకే పొద్దు గుంకుతుంది, గుడులు చాలావరకు అయిదు గంటల ప్రాంతంలో మూసేస్తారు. మధ్యాహ్నం మూడింటికి గదిలో దిగిన రోజున చూడగలిగేది ఏమీ మిగలదు. ఎక్కువ చూడాలన్న ఆయన కోరికే ఈ పథకంలో దెబ్బతింటోందని చూపించగలిగితే, వాదన మీకూ ఆయనకూ మధ్య కాకుండా కాగితం మీదికి మారుతుంది.

నేనైతే రెండే హోటళ్ళు తీసుకోమంటాను. శనివారం నుంచి మూడు రాత్రులు టోక్యో, మంగళవారం నుంచి అయిదు రాత్రులు క్యోటో. విమానం టికెట్‌ను టోక్యోకు రానూ టోక్యో నుంచే పోనూ కొనకుండా, టోక్యోలో దిగి ఒసాకా దగ్గరున్న కన్సాయ్ విమానాశ్రయం నుంచి బయలుదేరేలా మల్టీ సిటీ పద్ధతిలో చూడండి. మీ పథకం మొత్తాన్ని మార్చే చిన్న మార్పు ఇది. చివరి రోజు టోక్యోకు పరుగెత్తవలసిన రెండున్నర గంటల రైలు ప్రయాణం, దాని ఖర్చు, అక్కడ ఒక రాత్రి గది, అన్నీ తప్పిపోతాయి. క్యోటో స్టేషన్ నుంచి కన్సాయ్‌కి హరుకా రైలులో సుమారు గంటా ఇరవై నిమిషాలు.

రైలు పాస్ గురించి మీ వారు విన్నది పాత కాలపు సలహా. ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. నేను చెప్పిన పద్ధతిలో టోక్యో నుంచి క్యోటోకు ఒకవైపు టికెట్ సుమారు 14,000 యెన్‌లు, క్యోటో నుంచి హిరోషిమాకు రానుపోను సుమారు 23,000 యెన్‌లు. రెండూ కలిపినా పాస్ ధరకు చాలా దిగువనే ఉంటుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, పాస్ కొన్నాక దాని విలువ రాబట్టుకోవాలన్న ఆరాటంతో మనుషులు అక్కర్లేని రైళ్ళు ఎక్కడం చూస్తుంటాం. మీ ఇంట్లో ఆ ఆరాటం పాస్ కొనకముందే మొదలైంది.

క్యోటోను అంటిపెట్టుకోమనడానికి కారణం అక్కడి నుంచి మిగతావన్నీ ఉదయం వెళ్ళి సాయంత్రం తిరిగి రాగలిగినంత దగ్గర కావడమే. నారా రైలులో సుమారు ముప్పావుగంట. తొదాయ్‌జీ ఆలయంలోని బుద్ధ విగ్రహం ఎత్తు సుమారు 15 మీటర్లు. 752లో దానికి నేత్రోన్మీలనం, అంటే విగ్రహానికి కళ్ళు తెరిపించే క్రతువు, చేసినది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. అమరావతి స్తూపం పక్కన పెరిగిన మీ అత్తగారికి ఈ సంగతి చెప్పి చూడండి, రానన్న మాటను ఆమె తనంతట తానే వెనక్కి తీసుకుంటారేమో. అక్కడ నేల చాలావరకు చదునుగా ఉంటుంది, స్టేషన్ నుంచి బస్సు ఉంది, జింకల మధ్య బెంచీల మీద కూర్చుని సేదతీరవచ్చు. క్యోటోలో మాత్రం కియోమిజు గుడికి ఎక్కుడు దారి, ఫుషిమి ఇనారి గుడిలో కొండ పైదాకా మెట్లు. రెండో చోట కింది తోరణాల వరకు ఆమెతో వెళ్ళి, పైకి అమ్మాయిని వెళ్ళిరమ్మనండి. ఒసాకాకు క్యోటో నుంచి అరగంటే కాబట్టి ఓపికున్న ఒక సాయంత్రం వెళ్ళి దీపాలు చూసి రావచ్చు, దానికోసం హోటల్ మారనక్కరలేదు. వదలవలసింది హకోనే ఒక్కటే. ఫుజి పర్వతం కోసమే అది జాబితాలో చేరి ఉంటే, టోక్యో నుంచి క్యోటో వెళ్ళే షింకాన్సెన్ బుల్లెట్ రైలులో కుడివైపు కిటికీ దగ్గరి ‘E’ సీట్లు ముందుగా తీసుకోండి. ఆకాశం తేటగా ఉంటే బయలుదేరిన ముప్పావుగంటకు కొండ కనిపిస్తుంది.

హిరోషిమాకు గురువారం పెట్టుకోండి. క్యోటో నుంచి సుమారు గంటా నలభై నిమిషాలు, స్టేషన్ నుంచి శాంతి ఉద్యానవనం దాకా ట్రాం నడుస్తుంది. 1945 ఆగస్టు 6న ఉదయం 8 గంటల 15 నిమిషాలకు బాంబు పడిన చోటికి దగ్గరలోనే, కూలిపోకుండా నిలిచిన గుమ్మటపు భవనాన్ని అలాగే ఉంచారు. మ్యూజియంలో పిల్లల బట్టలు, భోజనపు డబ్బాలు చూసి మనసు బరువెక్కుతుంది కాబట్టి ఆ రోజు ఇంకే కార్యక్రమమూ పెట్టుకోవద్దు. ఎవరెవరు వెళ్ళాలన్నది మీరు ముందే నిర్ణయించకండి. ఆ కోరిక మీ మామగారిది, అంటే మీ అత్తగారి భర్తది. ఆ ఊరికి రావాలని ఆమెకు ఉందో లేదో ఇంతవరకు ఎవరూ ఆమెను అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. ఆమె వస్తానంటే మ్యూజియంలో చక్రాల కుర్చీ ఇస్తారు, ఉద్యానవనం చదునే. రాలేనంటే ఆ రోజు మీరిద్దరూ క్యోటోలో ఉండిపోండి. తండ్రీకూతుళ్ళు ఇద్దరే వెళ్ళినా, తాతగారి గురించి వాళ్ళు మాట్లాడుకోవడానికి రానుపోను మూడు గంటలకు పైగా రైలు ప్రయాణం ఉంటుంది.

అమ్మాయికి టోక్యోలో దక్కేవి రెండు నిండు రోజులే. కాబట్టి ఆ రెండు రోజులనూ పూర్తిగా ఆమె చేతికి ఇవ్వండి. ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడ తినాలో ఆమే చెప్పాలి, మీరు ముగ్గురూ సణగకుండా వెంట నడవాలి. సోమవారం చాలా మ్యూజియంలు మూసి ఉంటాయని మాత్రం ముందే చెప్పండి. తన మాట చెల్లిన రెండు రోజులు ఉన్నప్పుడు, పెద్దవాళ్ళ మాట చెల్లే మిగతా రోజులు ఆ వయసు వాళ్ళకు అంత బరువనిపించవు.

మీ పనిభారం తగ్గడానికి రెండు మాటలు. టోక్యో హోటల్లో పెద్ద పెట్టెలు అప్పగిస్తే తక్యూబిన్ సేవ వాళ్ళు సాధారణంగా మరుసటి రోజుకు క్యోటో హోటల్‌కు చేరుస్తారు. సోమవారం ఉదయమే ఇచ్చేసి, ఒక రాత్రికి సరిపడా బట్టలతో చేతిసంచి ఉంచుకోండి. క్యోటోలో చిన్న వంటగది ఉన్న గది తీసుకోండి. అక్కడ కూరగాయల వంటకాల్లో కూడా దాషి అనే చేపల రసం కలుస్తుంది కాబట్టి అత్తగారికి అన్నం, ఇంటి నుంచి తీసుకెళ్ళిన పొడులు, పచ్చళ్ళు అయిదు రోజులు ఒకేచోట అమరడం పెద్ద నెమ్మది. రోజూ ఊరు మారితే ఈ సౌకర్యం ఉండదు. అన్నం వండే పని మీ వారిదని అక్కడే, ఆ సంభాషణలోనే తేల్చుకోండి.

శుక్రవారాన్ని ఖాళీగా వదిలిపెట్టాను. అది మీది. ఆ రోజు గుడి ముందు కూర్చుంటారో, బజారులో తిరుగుతారో, మధ్యాహ్నం వరకు నిద్రపోతారో ముందుగా ఎవరికీ చెప్పనవసరం లేదు. పథకంలో ఏదైనా ఇరికించవలసి వస్తే మీ వారి చూపు మొదట ఆ రోజు మీదే పడుతుంది, ఒప్పుకోకండి.

ఇదంతా చెప్పే వరుస కూడా ముఖ్యం. ముందు అత్తగారి గదిలోకి వెళ్ళి, ‘మీ మోకాళ్ళ పేరు చెప్పి నా మాట చెప్పుకున్నాను అత్తయ్యా, ఏమీ అనుకోకండి, మీరు లేకుండా మేం వెళ్ళం’ అనండి. తరువాత మీ వారితో హిరోషిమా మాట. ఆ తరువాతే కాగితం. నలుగురూ చూసేదాకా టికెట్ కొనవద్దు, హోటళ్ళు మాత్రం రద్దు చేసుకునే వీలున్నవి పట్టి ఉంచండి. ఇంత చెప్పినా మీ వారు హకోనే వదలనంటే, అందులో తగువు పెంచుకోకుండా, ఆ ఒక్క రాత్రిని టోక్యో మూడు రాత్రుల్లో నుంచి తీయాలా, క్యోటో అయిదింటిలో నుంచి తీయాలా అని ఆయన్నే అడగండి. టోక్యోలో నుంచి తీస్తే అమ్మాయికి, క్యోటోలో నుంచి తీస్తే మీకు లేదా అమ్మగారికి ఏ రోజు పోతుందో ఆయనే పేరు పెట్టి చెప్పవలసి ఉంటుంది. ఆ నిర్ణయం ఏదైనా, దాన్ని మిగతా ముగ్గురి ముందూ ఆయనే చెప్పనివ్వండి.