పారిస్‌కు గంటా ఇరవై నిమిషాలేనా?

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పారిస్‌కు లండన్ నుంచి విమానంలో గంటా ఇరవై నిమిషాలే కదా, పొద్దున్నే ఎక్కితే పదింటికల్లా ఈఫిల్ టవర్ దగ్గరుంటానని రాశావు. టికెట్ కొనేముందు ఒక్కసారి నాతో కూర్చుని లెక్క వెయ్యి.

లండన్ నుంచి పారిస్ నేరుగా కొలిస్తే సుమారు 344 కిలోమీటర్లు. మన బెజవాడ నుంచి వైజాగ్‌కు రైల్లో వెళ్లినంత. గాల్లో ఉండేది గంటలోపే. మిగతాది విమానం రన్‌వే దాకా వెళ్లడానికి, వరసలో ఆగడానికి, దిగాక మళ్లీ గేటుకు చేరడానికి. టికెట్ మీద రాసేది గేటు నుంచి గేటు వరకే.

నువ్వుండేది ఈస్ట్‌హామ్‌లో, హీత్రో విమానాశ్రయం ఊరికి ఆ చివర. 9 గంటల విమానమైతే 7కల్లా అక్కడుండాలి, అంటే ఐదున్నరకే ఇంట్లోంచి కదలాలి. పారిస్ విమానాశ్రయం చార్లెస్ డి గాల్‌లో దిగి, ఇమిగ్రేషన్ దాటి, ఊళ్లోకి వెళ్లే ఆర్‌ఈఆర్ బీ లోకల్ రైలెక్కి గార్ దు నోర్ స్టేషన్ చేరేసరికి అక్కడి గడియారం దాదాపు ఒంటిగంట చూపిస్తుంది. అదే లండన్ నుంచి పారిస్ వెళ్లే యూరోస్టార్ రైలు అయితే, అది బయల్దేరే సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కు మీ స్టేషన్ నుంచే హ్యామర్‌స్మిత్ అండ్ సిటీ మెట్రో లైన్ ఉంది, మారక్కర్లేదు. 9 గంటల రైలుకు ఏడింటికి బయల్దేరినా చాలు. వేగంగా వెళ్లే రైళ్లు రెండుంపావు గంటల్లో, సముద్రం కింది సొరంగం దాటి, ఊరి నడిబొడ్డున దింపుతాయి. టికెట్ మాత్రం ముందే కొను, ఆలస్యమైతే ధర బాగా పెరుగుతుంది.

పారిస్ సమయం లండన్ కన్నా గంట ముందు. అందుకే టికెట్ మీద వెళ్లేటప్పుడు ప్రయాణం గంట పెరిగినట్టు, వచ్చేటప్పుడు తగ్గినట్టు కనిపిస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేతి గడియారం మార్చలేదు. తిరుగు రైలు వెళ్లిపోయింది. ఇద్దరు పిల్లలతో స్టేషన్‌లో నిలబడి మళ్లీ టికెట్లు కొన్న ఆ సాయంత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

అన్నిటికన్నా ముఖ్యం వీసా. నీ బ్రిటన్ స్టూడెంట్ వీసా ఫ్రాన్స్‌లో పనికిరాదు, మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే వీసా, కావాలి. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, వీసా చేతికొచ్చాకే మిగతా ఖర్చు పెట్టు. రైలుకైతే ఫ్రెంచ్ పోలీసులు సెయింట్ పాంక్రాస్‌లోనే పాస్‌పోర్టు చూస్తారు కాబట్టి గంటంపావు ముందే చేరుకో. తిరిగి రావడానికి నీ బ్రిటన్ ఈ-వీసా (ఆన్‌లైన్‌లో ఉండే వీసా) ఖాతాలో ఇప్పటి పాస్‌పోర్టు నంబరే ఉందో లేదో చూసుకో.

పులిహోర కట్టుకో. పెరుగన్నం, నెయ్యి వద్దు, బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, మాంసం అటు తీసుకెళ్లనివ్వరు.

వీసా రాగానే ఫోన్ చెయ్యి, రైలు టైములు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ