దేశ వాణిజ్యానికి, పరిశ్రమలకు ఓడరేవులు ఎందుకంత ముఖ్యం?

ఒక్క మాటలో చెప్పాలంటే, ఖర్చు. పరిమాణం లెక్కన చూస్తే ప్రపంచ వాణిజ్యంలో సుమారు 80 శాతం సముద్రం మీదే సాగుతుంది. ఒక పెద్ద ఓడ లక్ష టన్నులకు మించిన ఇనుప ఖనిజాన్ని ఒకే ప్రయాణంలో తెస్తుంది. అంత బరువును లారీల్లో తేవాలంటే వేల లారీలు కావాలి.

అందుకే ఉక్కు కర్మాగారాలు, చమురు శుద్ధి కేంద్రాలు తరచుగా రేవు పక్కనే వెలుస్తాయి. జపాన్‌నే చూడండి. ఇనుప ఖనిజం, బొగ్గు దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటూ కూడా ఉక్కులో అగ్రదేశాల సరసన నిలిచింది. కర్మాగారాలు తీరంలోనే ఉన్నాయి కాబట్టి ఖనిజం ఓడ నుంచి కన్వేయర్ బెల్టు మీదుగా నేరుగా యార్డుకు చేరుతుంది, తయారైన ఉక్కు అక్కడే మరో ఓడ ఎక్కుతుంది.

రేవంటే ఓడ ఆగే చోటు మాత్రమే అనుకోవడం పొరపాటు. లోతైన నీరు, క్రేన్లు, గోదాములు, కస్టమ్స్ తనిఖీ, రైలు మార్గం అన్నీ సరిగ్గా నడవాలి. ఏ ఒక్కటి మందగించినా ఓడలు లంగరు వేసుకుని నిరీక్షిస్తాయి. అలా ఆగిన రోజులకు ఓడ అద్దె చివరికి వస్తువు ధరలోనే కలుస్తుంది.

రేవు విలువ అది లేని దేశానికే బాగా తెలుసు. 1993లో ఎరిత్రియా విడిపోయి స్వతంత్ర దేశం కావడంతో ఆఫ్రికాలోని ఇథియోపియాకు తీరమే లేకుండా పోయింది. నేడు దాని విదేశీ వాణిజ్యంలో అత్యధిక భాగం పొరుగున ఉన్న జిబూతీ రేవు మీదుగానే, అక్కడి రుసుములు చెల్లించి, సుమారు 750 కిలోమీటర్లు దాటి రాజధాని అడిస్ అబాబా చేరుతోంది.