ట్రకోమా ఉన్న ఊళ్లో కళ్లు బాగున్నవాళ్లకూ మందు ఎందుకు మింగిస్తారు?

ఎవరికి సోకిందో చూసి చెప్పడం కష్టం కాబట్టి. ట్రకోమా అనే ఈ కంటిజబ్బుకు కారణం క్లమీడియా అనే బాక్టీరియా. అది ఎక్కువగా చిన్నపిల్లల కళ్లలో, తరచూ ఏ బాధా తెలియకుండానే ఉంటుంది. చేతులు, తువ్వాళ్లు, ముఖం మీద వాలే ఈగల ద్వారా ఇల్లంతా తిరుగుతుంది. ఒక్కరికే వైద్యం చేస్తే పక్కవాళ్ల నుంచి మళ్లీ అంటుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా సోకుతుంటే రెప్ప లోపల మచ్చకట్టి, వెంట్రుకలు లోపలికి తిరిగి, నల్లగుడ్డు మీది పొరను గీకేస్తాయి. చూపు పోయేది అక్కడే.

అందుకే 1–9 ఏళ్ల పిల్లల్లో 10 శాతం లేదా అంతకు మించి లక్షణాలు కనిపిస్తే, ఆ ప్రాంతమంతటికీ ఏటా ఒక మోతాదు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. పిల్లల మోతాదును ఎత్తు కొలిచే కర్రతోనే తేలుస్తారు (తూకం యంత్రం మోయనక్కర్లేదు, మంచి ఉపాయం!). ఆరు నెలల లోపు పసికందులకు టెట్రాసైక్లిన్ కంటి ఆయింట్‌మెంట్.

అయితే మాత్ర ఒక్కటే చాలదు. ఇథియోపియాలోని అమ్హారాలో పదేళ్లకు పైగా పంచినా కొన్ని జిల్లాల్లో జబ్బు పోలేదు. నీళ్లు, మరుగుదొడ్లు, ముఖం కడుక్కునే అలవాటు లేనిచోట అది తిరిగొస్తుంది. ఘనా మాత్రం 2018లో ఈ జబ్బు నుంచి బయటపడింది, ఇది ఇక ప్రజారోగ్య సమస్య కాదని భారత్‌కు 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దక్కింది.