చెప్పు జారినా తెలియడం లేదంటే బీట్‌రూట్ జ్యూస్ చాలదు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర పల్లె. శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. తొమ్మిదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. గ్యాస్ మాత్ర రోజూ పరగడుపునే వేసుకుంటాను. ఆరు నెలలుగా ఒకటే నీరసం, జుట్టు రాలుతోంది. రక్తం 9.6 ఉందన్నారు. మెడికల్ షాపులో అడిగి ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్ర మూడు నెలలుగా వాడుతున్నాను. రాగిజావ, బీట్‌రూట్ జ్యూస్ తాగుతున్నాను. పాలు పడవు, పల్చని మజ్జిగే. పోషకాలన్నీ అందాలంటే ఇంకా ఏం తినాలి? ఈమధ్య అరికాళ్లు తిమ్మిరెక్కి, చెప్పు జారిపోయినా తెలియడం లేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అంతా తిండి గురించి రాసి, అసలు సంగతి ఆఖర్న పెట్టారు. నాకు టెన్షన్ అంతా ఆ చెప్పు దగ్గరే. కాలి నుంచి చెప్పు జారినా తెలియడం లేదంటే అక్కడి నరాలు దెబ్బతింటున్నాయని అర్థం. తొమ్మిదేళ్ల షుగర్ వల్ల కావచ్చు. బి12 లోపం వల్ల కావచ్చు. మీ విషయంలో రెండూ ఉండొచ్చు. చూడకుండా ఇదే అని చెప్పలేను గానీ, బి12 మీద నా అనుమానం గట్టిగానే ఉంది.

ఎందుకంటే బి12 మొక్కల్లో ఉండదు. రాగుల్లో, మునగాకులో, బీట్‌రూట్‌లో ఎంత వెతికినా దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగుల్లోనే ఉంటుంది. రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే. శాకాహారులకు ఆ కాస్తా పాలు, పెరుగు నుంచే రావాలి. మీరు తాగేది పల్చని మజ్జిగ. పైగా మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ మాత్ర పొట్టలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆ ఆమ్లం లేకపోతే ఆహారంలోంచి బి12 విడివడదు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోపం ఇన్నాళ్లకు బయటపడి ఉండొచ్చు. ఆ గ్యాస్ మాత్ర మీకు ఎవరు రాశారు, ఎన్నాళ్లకని రాశారు?

ఇక మెడికల్ షాపు సంగతి. వారానికి నలుగురైదుగురికి ఇదే చెబుతుంటాను, విసుగొచ్చినా మళ్లీ చెబుతున్నాను. బి12 తక్కువగా ఉన్నవాళ్లు ఉత్తి ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే రక్తం పెరిగినట్టే కనిపిస్తుంది, నీరసం కూడా కాస్త తగ్గొచ్చు. లోపల నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ మంచి మందే, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. కానీ బి12 చేయాల్సిన పని అది చేయలేదు. పోనీ బీకాంప్లెక్స్ కొనుక్కుంటాననొద్దు. పరీక్షకు ముందే బి12 ఉన్న మాత్రో ఇంజెక్షనో పడితే రిపోర్టులో అంకె బాగానే కనిపించి మమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. అందులో ఉండే బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే దానివల్లే తిమ్మిర్లు వస్తాయి. ఆర్‌ఎంపీ దగ్గర బలం సూదులు కూడా వద్దు.

ఈ వారంలోనే ఫిజీషియన్‌కి చూపించుకోండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లండి. బ్లడ్ కౌంట్, బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), మూడు నెలల షుగర్ చూస్తారు. బి12 సాధారణంగా మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాములకు తగ్గితే లోపమంటాం, 200-300 మధ్య ఉన్నా మీలాంటి లక్షణాలుంటే వదిలేయం. లోపం తేలితే ఇంజెక్షనా మాత్రలా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. నెలలు గడిచేకొద్దీ పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, అందుకే ఈ తొందర. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. నెలసరి ఆగిపోయి ఉంటే, 9.6కి కారణం లోపల ఎక్కడైనా రక్తం పోవడమేమో కూడా చూడాలి. మొలలు ఉన్నా, మలం నల్లగా వస్తున్నా దాచకుండా చెప్పండి. ఐరన్ మాత్రతో కూడా నల్లగా వస్తుంది కాబట్టి మాత్రకు ముందు ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి.

తిండి గురించి అడిగారు కదా. బీట్‌రూట్ రంగు చూసి రక్తం అనుకుంటారు, అందులో ఇనుము స్వల్పం. పప్పులు, ఆకుకూరలు తినండి, నిమ్మరసం పిండుకోండి, భోజనం కాగానే టీ తాగకండి. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే. అయితే మెత్తటి పిండితో కాచిన జావ షుగర్‌ని త్వరగా పెంచుతుంది. గ్లాసులకు గ్లాసులు తాగడం ఆపండి. పాలు పడనివాళ్లలో చాలామందికి గట్టి పెరుగు పడుతుంది, ప్రయత్నించండి.

డాక్టర్ని కలిసేదాకా ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. వేడినీళ్లు కాళ్ల మీద పోసుకునే ముందు మోచేత్తో చూసుకోండి. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి, కనపడకపోతే ఇంట్లోవాళ్లని చూడమనండి. జుట్టు సంగతి రిపోర్టులు వచ్చాక చూద్దాం.