రెండొందల పౌండ్లలో రోడ్ బైక్: ఏది కొనాలి, ఏం మార్చాలి

ప్రశ్న: ఎమ్మెస్సీకి ఇంగ్లండ్‌లోని కవెంట్రీ వచ్చాను. గది నుంచి యూనివర్సిటీకి నాలుగు మైళ్లు. 200 పౌండ్లలో ఏ రోడ్ బైక్, అంటే సన్నటి టైర్ల రేసు సైకిల్, కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, ఆ 200 మొత్తం బండికే పోయకు. 80, 90లో పాతది చూసుకో. మిగతాది టైర్లకు, మడ్‌గార్డులకు, లైట్లకు, తాళానికి కావాలి. మనవాళ్లు కొందరు ఉన్నదంతా బండి మీద పెట్టేసి, నవంబరు వానలకు వీపంతా బురదై, దాన్ని మెట్ల కింద పడేసి మళ్లీ బస్సెక్కుతారు. పౌండు వంద రూపాయలు దాటిన రోజుల్లో అది చిన్న నష్టం కాదు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు అంగుళాల స్టీలు స్కేలు పట్టుకెళ్లు. చెయిన్‌లో ఒక పిన్ను నడిమికి సున్నా పెట్టు. కొత్త చెయిన్ అయితే 12 అంగుళాల గీత మీద సరిగ్గా ఇంకో పిన్ను నడిమి వస్తుంది. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు జరిగితే చెయిన్ మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి, అంటే క్యాసెట్ కూడా పోయినట్టే. అరిగిన పళ్ల మీద కొత్త చెయిన్ ఒక్కటే వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది. అమ్మేవాడికి ఆ కొలత చూపించి, రెండింటి ఖరీదూ ధరలోంచి తగ్గించమను. మొహమాటపడకు, ఇక్కడ అడిగితేనే తగ్గిస్తారు.

తర్వాత రిమ్ముకు బ్రేకు రాసుకునే చోట వేలు పెట్టి చూడు. లోపలికి గుంటపడి ఉంటే ఆ చక్రం ఆయుష్షు అయిపోయింది. అయస్కాంతం అంటుకునే స్టీలు రిమ్ములైతే అసలొద్దు, తడిస్తే బ్రేకు పట్టదు. టైరు పక్కన 27 × 1¼ అని ఉంటే అది పాత సైజు. ఇప్పటి 700సీ టైరు దానికి సరిపోదు. సీటు బోల్టు వదులు చేసి సీటు గొట్టాన్ని తిప్పు. కదలకపోతే తుప్పుతో బిగుసుకుపోయింది, వదిలేయ్. పెడళ్ల ఇరుసు కింద మామూలుగా ఫ్రేమ్ నంబరు ఉంటుంది. అది దొంగబండేమో బైక్‌రిజిస్టర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకో. నంబరు గీకేసి ఉంటే బేరమే ఆడకు.

ఇక మార్పులు. ముందు టైర్లు. రోడ్ బైక్‌కు తరచూ 23 ఎంఎం సన్నటివి ఉంటాయి. గుంతల రోడ్డు మీద అవి ఒళ్లు హూనం చేస్తాయి, పంక్చర్లూ ఎక్కువే. ఫోర్కు దగ్గర, బ్రేకు కింద చోటుంటే పంక్చర్ కాకుండా లోపల పొర ఉన్న 28 ఎంఎం టైర్లు వేయించు, లేదంటే 25. డెబ్బై కిలోల మనిషి బ్యాగుతో వెళ్తే 28కి గాలి ముందు 70, వెనక 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. వాల్వు సన్నటి ప్రెస్టా రకం కాబట్టి దానికి పట్టే పంపే కొను. గాలి కొట్టేముందు కొసన ఉన్న చిన్న నట్టు విప్పాలి.

ఇరుసుల దగ్గర స్క్రూ కన్నాలుంటే నిండు మడ్‌గార్డులు పడతాయి. లేకపోతే క్లిప్పులతో తగిలించే రకం తీసుకో. బ్రేకు రబ్బర్లు గట్టిపడి మెరుస్తుంటే మార్చెయ్. అవి రిమ్ముకే తగలాలి, టైరుకు తగిలితే టైరు కోసుకుపోతుంది.

తాళం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. తాళాల గట్టిదనం పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ ముద్ర ఉన్న డీ-లాక్ (డీ ఆకారంలో ఉండే ఉక్కు తాళం) కొని, వెనక చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి వెయ్యి. ముందు చక్రానికి చేత్తో తిప్పే లీవరు తీసేసి ఆలెన్ కీ రకం పెట్టు, కొద్ది పౌండ్లలో అయిపోతుంది.

రాత్రి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టరు, పెడళ్లకు రిఫ్లెక్టర్లు ఉండాలన్నది చట్టం. మిగతాది ప్రభుత్వ సైట్‌లో చూసుకో. ఇంకొకటి: బండి ఉంది కదా అని ఎవరిదో అకౌంటు అద్దెకు తీసుకుని ఫుడ్ డెలివరీకి దిగకు. స్టూడెంట్ వీసా మీద సొంత ఉపాధి కుదరదు, వీసాకే ఎసరు.

ఇక్కడి చలికాలాలు ఇలాంటి పాత బండి మీదే గడిపినవాణ్ణి, ధైర్యంగా చెబుతున్నా: నాలుగు మైళ్లు ఏ లెక్కా కాదు. రోడ్డు మీద ఉప్పు చల్లిన రోజు ఇంటికి రాగానే చెయిన్‌ను గుడ్డతో తుడిచి, లింకుకో చుక్క వెట్ ల్యూబ్ (తడి వాతావరణానికి వాడే చెయిన్ నూనె) వేసి, పైన మిగిలిన నూనె తుడిచెయ్. లేకపోతే కొత్త చెయిన్ వేసవి దాకా మిగలదు.