ఆసుపత్రి గదిలో వెలుతురు మారిస్తే డిప్రెషన్‌కి మేలు జరుగుతుందా? మా అమ్మ దగ్గరుండి నేను చూసింది చెప్తాను

మీ నాన్నగారు డిప్రెషన్‌తో వార్డులో చేరి పది రోజులైందని, గది ఎప్పుడూ మసకగా ఉంటోందని, ఆన్‌లైన్‌లో దొరికే లైట్ థెరపీ ల్యాంప్ (చికిత్సకని బలమైన వెలుతురిచ్చే దీపం) కొనాలా వద్దా అని అడిగారు. ల్యాంప్ సంగతి తర్వాత చూద్దామండి. ముందు పొద్దున్నే కర్టెన్ తీయించండి, రాత్రి ట్యూబ్‌లైట్ ఆర్పించండి. ఈ రెండూ తెలియక మేం తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాం.

మా అమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. నాన్న పోయాక కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చీకటితోనే లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గేసి, ఎండ చురుక్కుమనేదాకా బయటే తిరిగేది. ఇక్కడ మాది రెండో అంతస్తు, కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ. పట్టపగలు కూడా హాల్లో లైటు వేసుకోవాల్సిందే. ఆరు నెలలు తిరక్కుండానే మాట తగ్గింది, తిండి తగ్గింది. "నన్నెందుకు ఉంచిండు దేవుడు" అనడం మొదలుపెట్టింది. డిసెంబర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం.

అక్కడ మేం చేసిన పొరపాటు చెప్తాను. విశ్రాంతి దొరుకుతుందని పగలంతా కర్టెన్లు మూసే ఉంచాం. అసలే కిటికీ అద్దానికి నల్ల ఫిల్మ్ ఉంది. రాత్రేమో బీపీ చూడడానికి ఎవరో వచ్చి లైటు వేసేవారు, వెళ్ళేటప్పుడు ఆర్పేవారు కాదు. నేనూ అలసిపోయి అలాగే నిద్రపోయేదాన్ని. పగలు చీకటి, రాత్రి వెలుతురు. అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేది, మధ్యాహ్నమంతా మూసిన కన్ను తెరిచేది కాదు.

మా తమ్ముడు పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. చూడడానికి వచ్చినరోజు వాడి సంచీలో లైట్ మీటర్ ఉంది. ఊరికే తీసి అమ్మ దిండు పక్కన పెట్టాడు. ట్యూబ్‌లైట్ వెలుగుతుండగా 110 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క). కర్టెన్ పక్కకి లాగి, ఫిల్మ్ లేని రెక్క తెరిచి, కుర్చీ అక్కడికి జరిపి పెడితే 1,900. వరండా చివర, నేరుగా ఎండ పడని చోట, 14,000 దాకా చూపించింది. అప్పుడు టైము ఎనిమిదిన్నర. "అక్కా, ఈ గది మన కంటికి వెలుగే. మీటర్‌ని అడిగితే చీకటంటోంది" అన్నాడు. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి గదికీ బయటికీ అంత తేడా ఉందని మనకి తెలియదు.

ఇది ఎందుకు ముఖ్యమో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. చూడడానికి పనికొచ్చే కణాలు కాక, రెటీనాలో, అంటే కంటి వెనకాలి పొరలో, మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కణాలు కొన్ని ఉంటాయి. నీలి వెలుగుకి ఇవి బాగా స్పందిస్తాయి. పొద్దున వెలుతురు తగలగానే, తెల్లారిందని మెదడులోని గడియారానికి కబురు పంపేవి ఇవే. రాత్రిపూట వెలుతురు తగిలితే నిద్రకి సాయపడే మెలటోనిన్ తగ్గిపోతుంది. డిప్రెషన్‌లో ఈ గడియారం చాలామందికి ముందే గాడి తప్పి ఉంటుంది. పైగా గదే తారుమారైతే ఏం కావాలి?

ఆసుపత్రి గదుల మీదే చేసిన పరిశీలనలు కూడా ఉన్నాయి. కెనడాలో ఎడ్మంటన్‌లోని ఒక మానసిక వార్డులో ఎండ వచ్చే గదుల్లో ఉన్న డిప్రెషన్ రోగులు సగటున 16.9 రోజులకి, ఎండ రాని గదుల్లోవాళ్ళు 19.5 రోజులకి ఇంటికెళ్ళారని 1996లో ప్రచురించారు. 2001లో ఇటలీలోని మిలన్ నుంచి వచ్చిన పరిశీలనలో, తూర్పు గదుల్లో ఉన్న బైపోలార్ డిప్రెషన్ (కొన్నాళ్ళు కుంగుబాటు, కొన్నాళ్ళు విపరీతమైన హుషారు వచ్చే జబ్బు) రోగులు పడమటి గదుల్లోవాళ్ళకంటే మూడున్నర రోజులకి పైగా ముందే డిశ్చార్జ్ అయ్యారు. మామూలు డిప్రెషన్ ఉన్నవాళ్ళలో మాత్రం ఆ తేడా కనపడలేదు, అదీ చెప్పాలి. 2016లో కెనడాలోనే 122 మందితో ఎనిమిది వారాలు ఒక ట్రయల్ చేశారు. వాళ్ళు వార్డులో చేరినవాళ్ళు కారు, బయటినుంచి వచ్చి చూపించుకునేవాళ్ళు. పొద్దున అరగంట 10,000 లక్స్ వెలుతురు, దాంతోపాటు డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లూయాక్సెటిన్ మాత్ర, రెండూ కలిపి తీసుకున్నవాళ్ళకి అందరికంటే ఎక్కువ మేలు జరిగింది. అందుకే మందు ఆపి వెలుతురు పట్టుకుందామని మాత్రం అనుకోకండి.

పదో రోజున ఫ్లోర్ ఇన్‌చార్జ్ సిస్టర్‌ని బతిమాలితే తూర్పు వైపు గది ఖాళీ అవగానే మార్చారు. ఏడింటికి చాయ్ కిటికీ దగ్గరే ఇచ్చేదాన్ని. మొదటిరోజు "కండ్లు గుంజుతున్నయ్ బిడ్డా" అని కుర్చీ వెనక్కి తిప్పేసుకుంది. సూర్యుణ్ణి చూడక్కర్లేదు, వెలుతురు కంటికి తగిలితే చాలు కదా అని కుర్చీని పక్కకి ఏటవాలుగా వేశాను. ఊరికే కూర్చోమంటే కూర్చోదు. ఇంటినుంచి చిక్కుడుకాయలు తెప్పించి ఒళ్ళో పళ్ళెం పెట్టాను. రెండు రోజులు వాటి వంక చూడలేదు. మూడోరోజు ఒక కాయ తీసి ఈనె లాగి, తుంచి పళ్ళెంలో వేసింది. తర్వాత ఇంకోటి. ఆ చిన్న టక్కుమనే చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది.

రాత్రి తొమ్మిది తర్వాత పెద్ద లైటు వేయకుండా సిస్టర్లు సహకరించారు. బాత్రూంలో జీరో బల్బు వేసి తలుపు ఓరగా ఉంచేవాళ్ళం. బీపీ చూడడానికి బెడ్ ల్యాంప్ సరిపోయింది. ముందు నిద్ర కుదిరింది, ఆ తర్వాత ఆకలి. ఇరవై మూడో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. అందులో మాత్రల వాటా ఎంత, వెలుతురు వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మాత్రం మొదటిరోజే గది దిక్కు చూసుకుంటాను.

ఇక ల్యాంప్. మానసిక వార్డుల్లో వైరున్న వస్తువులు సాధారణంగా లోపలికి రానివ్వరు, రోగి తనకి తాను హాని చేసుకుంటారేమోనని. పెట్టె మీద రాసిన 10,000 లక్స్ కూడా వాళ్ళు చెప్పిన దూరంలోనే. మంచానికి ఆ చివర బల్ల మీద పెడితే ఆ సంఖ్యకి అర్థం లేదు. అతినీలలోహిత కిరణాలు వడకట్టేదే అయి ఉండాలి. మీ నాన్నగారికి ఎప్పుడైనా నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, వాగుడు, ఖర్చు ఉన్న రోజులుంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి. బైపోలార్ ఉన్నవాళ్ళకి బలమైన వెలుతురు మనసుని అటువైపు తోసే ప్రమాదం ఉంది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నా, ఎండకి చర్మం కందిపోయే మందులు వాడుతున్నా ముందే అడగాలి. వరండాలోకి, టెర్రస్ మీదకి ఆయన్ని ఒంటరిగా అస్సలు పంపకండి, ఒక్క నిమిషం కూడా. చచ్చిపోతానన్న మాట నోట వస్తే అప్పుడే డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి. ఇంటికొచ్చాక రాత్రివేళ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలీమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. మీ కోసమైనా చేయవచ్చు, నేను చేశాను.

రేపు రౌండ్స్‌కి వచ్చినప్పుడు తూర్పు గది దొరుకుతుందా, పొద్దున అరగంట వరండాలో కూర్చోబెట్టొచ్చా అని అడగండి. కళ్ళ డాక్టర్ రాసిన పాత చీటీలు ఉంటే వెంట తీసుకెళ్ళండి.