ట్యూబు వెనక్కి తిప్పి చదువు

అమ్మలూ,

నిన్న ఫోన్లో "పెద్దమ్మా, బాబుకి ఫ్లోరైడ్ లేని పేస్టే కొన్నాను, మన కనిగిరి పళ్లు వాడికి రాకూడదు" అన్నావు. నవ్వూ వచ్చింది, బెంగా పట్టుకుంది. నీకు ఫోన్లో చెబితే సగం కుక్కరు కూతలో కలిసిపోతుంది, అందుకే రాస్తున్నాను. మీ పెదనాన్నతో పాటు ముప్పయ్యేళ్లు మెడికల్ షాపు కౌంటరు దగ్గర కూర్చున్నాను. పేస్టు కొనేవాళ్లు ట్యూబు వెనక చదవడం నేను చూసింది తక్కువ. పిల్లాడు బొమ్మ ఉన్న డబ్బా చూపించి ఏడుస్తాడు, తల్లి డబ్బులిస్తుంది, అంతే బేరం.

ముందు నీ భయం సంగతి. నా పళ్ల మీద గోధుమరంగు చారలు చూసేగా నీకీ భయం? అవి పేస్టు వల్ల వచ్చినవి కావు. నా చిన్నప్పుడు మా ఇంట్లో పేస్టెక్కడిది, వేపపుల్ల, అది దొరక్కపోతే కచ్చిక బూడిద. ఆ చారలు మన నీళ్లు వేసినవి. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ ఫ్లోరైడ్ జబ్బు ఉందని డాక్టర్లు 1937లోనే రాశారు, అప్పట్లో మన కనిగిరీ ఆ జిల్లాలోదే. పాలపళ్ల తర్వాత వచ్చే అసలు పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, రోజూ కడుపులోకి పోయే ఫ్లోరైడ్ ఎక్కువైతే చారలు పడతాయి. పంటికి రాసి ఉమ్మేసేది వేరు, అది పుచ్చకుండా కాపాడుతుంది.

లెక్క చెబుతా చూడు. ట్యూబు వెనక 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో చెప్పే కొలత) అని ఉంటే, గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ అన్నమాట. బియ్యపు గింజంత పేస్టు గ్రాములో పదోవంతు ఉంటుంది. మీవాడు అదంతా మింగేసినా మిల్లీగ్రాములో పదోవంతే. అదే లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఒక్క లీటరు తాగితే దానికి ముప్పై రెట్లు. తాగేనీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు లేనిచోట 1.5 దాకా సరే అనీ ప్రభుత్వం పెట్టిన హద్దు. కాబట్టి నువ్వు పరీక్ష చేయించాల్సింది పేస్టుకి కాదు, మీ అపార్ట్‌మెంట్ నీళ్లకి. కుళాయికి వచ్చేది కృష్ణా నీళ్లా, ట్యాంకరు తెచ్చే బోరు నీళ్లా కనుక్కో. బోరు నీళ్లయి, ఫ్లోరైడ్ ఎక్కువుందని తేలితే అప్పుడు పళ్ల డాక్టరుని అడిగి పేస్టు మార్చు.

పిల్లల పేస్టుల్లో కొన్నిట్లో ఫ్లోరైడే ఉండదు, కొన్నిట్లో 500 లోపు, కొన్నిట్లో 1000 దాకా. బొమ్మ మాత్రం అన్నిటి మీదా ఉంటుంది! మన దేశంలో పేస్టుకి 1000 దాటకూడదని రూలు. ఒక్కోసారి పీపీఎం అని రాయరు, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ 0.76 శాతం అని ఉంటుంది. అదీ ఫ్లోరైడ్ మందే, దాదాపు 1000 పీపీఎం కిందే లెక్క. మూడేళ్లు నిండేదాకా బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. టీవీలో బ్రష్షు పొడుగునా పాము చుట్టలా వేస్తారు చూడు, అది పేస్టు అమ్ముకునేవాళ్ల కొలత. స్ట్రాబెర్రీ రుచి ట్యూబు పిల్లాడికి అందే ఎత్తులో పెట్టకు, చాక్లెట్‌లా పిండుకు తింటారు.

బ్రష్షుకి పెద్ద చదువు అక్కర్లేదు. తల చిన్నది, కుచ్చు మెత్తనిది, పిడి లావుది. మూడు నెలలకో, కుచ్చు విచ్చుకుంటే ఇంకా ముందో పారెయ్. పాటలు పాడే బ్రష్షు, లైటు వెలిగే బ్రష్షు నీ సరదా. బొగ్గు పేస్టులు, వేలితో రుద్దే పళ్లపొడులు పిల్లల జోలికి తేకు, గరుకుకి పంటి పైపొర అరుగుతుంది. నోరు పుక్కిలించే మందు ఆరేళ్ల లోపు వద్దు.

ఇప్పుడు మీ అన్నయ్య సంగతి చెప్పాలి, వాడికి చెప్పకు. రాత్రిళ్లు పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునేవాడు, అందులో చక్కెర నేనే వేసేదాన్ని. మూడేళ్లకి పైన ముందుపళ్లు నాలుగూ నల్లబడ్డాయి. "పాలపళ్లేగా, రాలిపోతాయి" అని ఊరుకున్నాను, షాపులో కూర్చునే దాన్నై ఉండి! ఒక రాత్రి చెంప వాచి, జ్వరంతో కాలిపోయాడు. రెండు పళ్లు పీకించాల్సి వచ్చింది. వాడు ఇప్పటికీ ఫొటోలో నోరు మూసుకునే నవ్వుతాడు, అలవాటైపోయింది.

అందుకని రాత్రి బ్రష్షు మాత్రం మానకు, ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకు. దగ్గు సిరప్పు వేసేదుంటే బ్రష్షుకి ముందే వెయ్యి, అందులోనూ తీపే. చంటిబిడ్డకి కాళ్ల మీద లాల పోసేదానివి కదా, అలాగే తల నీ ఒళ్లో పెట్టుకుని పడుకోబెట్టు, పై పెదవి వేలితో ఎత్తి తోము. పెదవి ఎత్తినప్పుడు చిగురు పక్కన సుద్దలాంటి తెల్లమచ్చ కనిపిస్తే ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లు, పుచ్చు అక్కడే మొదలవుతుంది. తోమాక ఉమ్మించు చాలు, చెంబుడు నీళ్లతో పుక్కిలిస్తే రాసిన మందంతా పోతుంది. ఏడెనిమిదేళ్లొచ్చే దాకా "నేనే తోముకుంటా" అంటే తోముకోనీ, కానీ వాడు తోముకున్న వెంటనే నువ్వు మళ్లీ ఓసారి తోము.

ఇంకోటి, ఆరేళ్లప్పుడు అన్నిటికన్నా వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడపన్ను వస్తుంది. అదీ పాలపన్నే అనుకుంటారు అందరూ. కాదు, అది ముసలితనం దాకా ఉండాల్సింది.

ఆ ట్యూబు వెనకవైపు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, చూసి చెబుతాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు వాడి బ్రష్షు మర్చిపోకు. ఇక్కడున్నన్ని రోజులూ వాడికి తాగడానికి శుద్ధి చేసిన నీళ్ల క్యాను తెప్పిస్తాను, మన బోరు దగ్గరికి వెళ్లనివ్వను.

మీ పెద్దమ్మ